గాలి పీల్చే చేపకు ఇన్ని నీళ్లెందుకు?

ఆదోనిలోనో బళ్లారిలోనో రంగుచేపల అంగడికి పోతే ఒక మూల వరసగా చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనబడతాయి. ఒక్కో డబ్బాలో గ్లాసెడు నీళ్లు, ఒంటరిగా ఒక చేప. ఒంటికంటే తోకే పెద్దది. అదే ఫైటర్, పుస్తకాల్లో బెట్టా. "దీనికి గాలి మిషన్ కూడా అక్కర్లేదు, సీసాలో వేసి బల్ల మీద పెట్టుకోండి" అనే మాట దాదాపు ప్రతి అంగట్లోనూ వినబడుతుంది. అందులో సగం నిజం. రెండో సగాన్ని నమ్మితే చేప ప్రాణం మీదికొస్తుంది.

నిజమైన సగం ముందు చూద్దాం. ఫైటర్ తలలో, మొప్పలకు పైన, మడతలు మడతలుగా ఒక అవయవం ఉంటుంది. చేప పైకి వచ్చి నోటితో గాలి మింగితే, ఆ మడతల్లోని రక్తనాళాలు ప్రాణవాయువును తీసుకుంటాయి. మనకిదేమీ కొత్త సంగతి కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకూ గాలి పీల్చే ఏర్పాటు ఉంది. అందుకే అది సంతలో కాసిని నీళ్లున్న టబ్బులో గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. ఫైటర్ సొంత ఊరు థాయ్‌లాండ్ వరిమళ్లు, బాడవ నేలలు. అక్కడి నీళ్లు వెచ్చగా, నిలవగా ఉంటాయి, వాటిలో ప్రాణవాయువు తక్కువ. గాలి పీల్చగలిగిన చేపే అక్కడ నిలిచింది.

అయితే వరిమడి లోతు జానెడే అయినా వెడల్పు ఎకరాల్లో ఉంటుంది. ఈ సంగతి అంగడివాళ్లు చెప్పరు. చేప గాలి బయటినుంచి తెచ్చుకున్నా విసర్జన మాత్రం నీళ్లలోనే చేయాలి. మొప్పలనుంచి అమ్మోనియా పగలూ రాత్రీ వస్తూనే ఉంటుంది, మిగిలిపోయిన మేత కుళ్లి మరికొంత కలుస్తుంది. మడిలో అది చెదిరిపోతుంది, సీసాలో పోగుపడుతుంది. మామూలు చేపైతే అలాంటి సీసాలో ప్రాణవాయువు చాలక ముందే చనిపోయేది, మనకు తప్పు తెలిసొచ్చేది. ఫైటర్ అట్లా చావదు. మొప్పలు మండుతున్నా వారాలు లాగుతుంది. రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటే "సోమరి చేప" అనుకుంటాం. సరిగ్గా చూసుకుంటే మూడేళ్ల దాకా బతికే చేప మూడు నెలలకే పోతే "దాని ఆయుష్షింతే" అనుకుంటాం. ఆ గాలి పీల్చే శక్తే దానికి శాపమైంది.

ఆలూరు వైపు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది, కారణం బోరు నీళ్లు. ఇక్కడి రాతినేలలో వందల అడుగుల లోతునుంచి వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో, సున్నపుతనంతో ఉంటాయి. బిందె అడుగున తెల్లటి పొర కట్టడం, పప్పు ఉడక్కపోవడం ఇంటి ఆడవాళ్లకు తెలిసిన సంగతులే. ఇలాంటి నీళ్ల పీహెచ్ తరచు ఎనిమిది దగ్గర ఉంటుంది. చేపను చంపేదంతా ఈ అంకెలోనే ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు అపాయం లేనిది, ఇంకోటి విషం. పీహెచ్ 7 ఉండి, నీళ్లు 28 డిగ్రీల వేడిమిలో ఉంటే విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8కి పెరిగితే అదే నూటికి ఆరేడు పాళ్లవుతుంది. అంటే అదే చేప, అదే మేత, అదే సీసా, విషం మాత్రం పదింతలకు దగ్గర. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. చెన్నైలోని కొళత్తూరులో, రంగుచేపల పెంపకానికి పేరుపడ్డ చోట, పుట్టి పెరిగిన చేప మన ఇంటికొచ్చి వారంలో పోయిందంటే దిష్టి తగిలిందని అనుకోనక్కర్లేదు.

కాబట్టి తొట్టి ఎంత ఉండాలనేదే మొదటి ప్రశ్న. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజుతొట్టిలో నిండుగా 28 లీటర్లు పడతాయి. పైన రెండు అంగుళాలు వదిలి, అడుగున రాళ్లు పోస్తే 20 లీటర్లకు కాస్త పైన నిలుస్తాయి. ఒక ఫైటర్‌కు అది చాలు, అంతకు తగ్గించొద్దు. గాజు, రాళ్లు, నీళ్లు కలిపి ముప్పై కిలోల బరువు, ఊగే బల్ల పనికిరాదు. గాజు కింద థర్మకోల్ అట్ట వేస్తే ఎత్తుపల్లాల వల్ల పగుళ్లు రావు. పైన మూత తప్పదు, ఫైటర్ ఎగిరి దూకుతుంది. మూతకూ నీళ్లకూ మధ్య మాత్రం గాలి ఆడాలి, పీల్చేది అక్కడి గాలినే కదా.

రాళ్ల దగ్గర ఒక జాగ్రత్త. మిద్దెల మీదికి, అరుగుల మీదికి వాడే బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి. దాని ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో వేస్తే అసలే గడుసైన నీళ్లు మరింత గడుసెక్కుతాయి. రాతి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుస పొంగిందంటే వద్దు. ఆదోని గుట్టల్లో కనబడే గ్రానైట్ రకం రాయి పొంగదు, దాని గులకలు బాగా కడిగి వాడొచ్చు.

ఇక నీళ్లు. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే పెన్ను సైజు టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోవడం ఖరీదైన రంగురాళ్లకంటే మేలు. తాగేనీటికి మన దేశ ప్రమాణం 500. వేరే దారి లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. ఫైటర్‌కు 300 దగ్గరుంటే హాయి. మీ బోరు 1200 చూపిస్తోంది, క్యాన్ నీళ్లు 50 చూపిస్తున్నాయి అనుకోండి. ఒక చెంబు బోరు నీళ్లకు మూడు చెంబుల క్యాన్ నీళ్లు కలిపితే 340 లోపు వస్తుంది. ఉత్త క్యాన్ నీళ్లే పోస్తే పోలేదా అంటే, పోదు. ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ను పట్టి ఉంచే బలం లేక కొన్నాళ్లకు అది ఒక్కసారిగా పడిపోతుంది. బోరు నీళ్లు తిట్టించుకుంటాయి గానీ, ఆ పట్టు వాటిదే.

కుళాయి నీళ్లు వాడేవాళ్లకు వేరే లెక్క. తుంగభద్ర దిగువ కాలువ పారే నెలల్లో ఒక రకం నీళ్లు, కాలువ కట్టేశాక ఇంకో రకం రావచ్చు. అందుకే మీటరు ప్రతిసారీ ముంచి చూడాలి. బ్లీచింగ్ కలిపిన నీళ్లను వెడల్పు బకెట్లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. కాలువకు పోయి నేరుగా ముంచుకొచ్చిన నీళ్లు మాత్రం వద్దు. పత్తికి, మిరపకు కొట్టిన మందు ఎక్కడెక్కడినుంచి కొట్టుకొస్తుందో ఎవరికీ తెలియదు.

నా మాట ఒకటి: అంకె అచ్చంగా కుదరాలని తల బద్దలు కొట్టుకోవద్దు. ఈ వారం 300, వచ్చే వారం 900 అయితేనే చేప దెబ్బతింటుంది. నాలుగైదు వందల దగ్గరైనా ఎప్పుడూ ఒకేలా ఉంచితే అలవాటు పడుతుంది.

తొట్టి నింపగానే చేపను వదలకూడదు. అమ్మోనియాను తిని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు స్పాంజి మీద, రాళ్ల మీద ముందు స్థిరపడాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మోటారు ఫిల్టర్లకంటే గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ మేలు. తోక పెద్దదైన చేప వడి నీళ్లకు ఎదురీదలేదు. ఖాళీ తొట్టిలో ఫిల్టర్ నడుపుతూ, చిటికెడు మేత రోజూ వేస్తూ ఉంటే ఆ జీవులకు తిండి దొరుకుతుంది. ఇప్పటికే తొట్టి నడుపుతున్న వాళ్లెవరైనా వాడిన స్పాంజి ముక్క ఇస్తే ఈ ఎదురుచూపు చాలా తగ్గుతుంది. పిల్లల పోరు పడలేక చేప ముందే వచ్చేసిందా? అప్పుడు నెలరోజులు రోజూ నాలుగైదు లీటర్లు మార్చడమొక్కటే దారి. తొట్టి కుదురుకున్నాక వారానికొకసారి అంతే నీళ్లు మారిస్తే చాలు. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండాలి. ఆ మురికినీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తే అంతకు మించిన ఎరువు లేదు. బిందె కోసం కుళాయి దగ్గర వరస కట్టే ఊళ్లో చేపకు నీళ్లా అని ఎవరైనా అడిగితే, వారానికి అర బిందె కూడా కాదని, అదీ చెట్టుకే పోతోందని చెప్పొచ్చు.

ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీలు అనువు. మన దగ్గర మే నెలలో బయట 40 దాటడం మామూలే. స్లాబు ఇంట్లో, పడమటి గోడ పక్కన పెడితే సాయంత్రానికి తొట్టి నీళ్లు కూడా కాగుతాయి. మట్టి మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు, తొట్టిని నడిమింట్లో పెడితే సగం పని అయినట్టే. లేనివాళ్లు మూత తీసి, జల్లెడ లాంటి వల కప్పి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ల మీదికి తగిలేలా పెట్టాలి. మనది పొడి ఎండ కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఐసు ముక్కలు మాత్రం వేయొద్దు, ఆ కుదుపు ఎండకంటే చెడ్డది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు తొట్టిలోనే ఉంటాయి. వేలెడు మట్టం దిగిందని మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే, ఎండాకాలం ముగిసేసరికి 340తో మొదలైన మీటరు ఎక్కడికో పోతుంది. తగ్గినంత మేరకు ఉత్త క్యాన్ నీళ్లు పోయాలి. కలిపిన నీళ్లు వారానికొకసారి మార్చేటప్పుడు మాత్రమే. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి 25 వాట్ల చిన్న హీటరు చాలు.

కరెంటు పోతే? ఇక్కడ ఫైటర్ పెంపకందారుకు నిజంగా కలిసొస్తుంది, అది గాలి పీల్చుకుంటూ బతికేస్తుంది. స్పాంజిలోని జీవులకే ఊపిరాడదు. ఒకటి రెండు గంటలైతే ఫర్వాలేదు. రాత్రంతా పోయిందంటే, కరెంటు రాగానే పంపు వేయకుండా స్పాంజిని ముందు పాత నీళ్లలో పిండి అప్పుడు నడపాలి.

మేత విషయంలో మన ప్రేమే శత్రువు. ఫైటర్ పొట్ట దాని కంటిగుడ్డంత ఉంటుందంటారు. పొద్దున రెండు మూడు గుళికలు, సాయంత్రం రెండు మూడు, వారంలో ఒకరోజు ఉపవాసం. బొరుగులు, అన్నం మెతుకులు వేయొద్దు, అది మాంసం తినే చేప. దానికి అసలైన విందు దోమపిల్లలు. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రైడే అని చెప్పి డ్రమ్ములు ఒంపిస్తుంటారు గదా, ఒంపే ముందు టీ వడగట్టే జల్లెడతో ఆ పురుగులను పట్టి వేస్తే చేప వాటి మీద ఎలా విరుచుకుపడుతుందో చూడాలి. అయితే చేప కోసమని డ్రమ్ములో దోమలను పెంచితే ఇంటిల్లిపాదికీ డెంగీ ముప్పు తప్పదు.

దోమల మందు ముచ్చట వచ్చింది కాబట్టి: కాయిళ్లలో, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్ మందులు మనిషికంటే చేపకు ఎన్నో రెట్లు విషం. తొట్టి ఉన్న గదిలో కొట్టొద్దు. చేనికి మందు కొట్టి వచ్చిన చేయి, ఎంత కడిగినా సరే, ఆ రోజు తొట్టిలో పెట్టొద్దు.

ఎండిన బాదం ఆకు వేస్తే మంచిదని వింటారు. బడి ఆవరణల్లో పెరిగే ఆ పెద్ద ఆకుల బాదం చెట్టే. థాయ్‌లాండ్‌లో తరాలుగా వాడతారు, నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, చేప కుదురుగా ఉంటుంది. దాంతో బోరు నీళ్ల పీహెచ్ దిగిపోతుందని మాత్రం ఆశపడొద్దు. మన నీళ్ల సున్నపుతనం ముందు ఒక ఆకు పులుపు ఏ మూలకు? రాలి ఎర్రబడి ఎండినదాన్ని, రోడ్డు దుమ్ము పడనిదాన్ని ఏరుకుని కడిగి వేస్తే నష్టం లేదు.

రెండు మగ చేపలను కలపొద్దని చెప్పనక్కర్లేదు, పేరే ఫైటర్. ఆ పోట్లాట కోసమే సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) వాళ్లు దీన్ని పెంచారు. 1840లో అక్కడి రాజు ఇచ్చిన కొన్ని చేపలు థియోడర్ కాంటర్ అనే వైద్యుడికి చేరాయంటారు, ఆయన వాటి గురించి కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. 2019లో థాయ్‌లాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. తొట్టి పక్కన అద్దం పెట్టి దాన్ని రెచ్చగొట్టి ఆనందించేవాళ్లున్నారు. ఒక్క నిమిషం సరే, రోజంతా పెడితే చేప అలసి మేత మానేస్తుంది. నీళ్ల మీద నురగ గూడు కట్టిందంటే మాత్రం చెరపకండి, అది పిల్లల కోసం మగ చేప కట్టే ఇల్లు.

ఊరికి పోవాల్సి వస్తే ఏం చేయాలని అడుగుతారు. దసరాకు దేవరగట్టు జాతరకు పోయి రావడానికైతే ఆలోచనే వద్దు, పెళ్లికి నాలుగు రోజులు పోయినా పెద్ద చేప పస్తుండగలదు. పక్కింటివాళ్లకు మేత డబ్బా అప్పజెప్పి పోవడమే ప్రమాదం, వాళ్లు జాలిపడి గుప్పెడు వేస్తారు. నెలల తరబడి సుగ్గికి, అంటే కూలి పనులకు, వలసపోయే ఇల్లైతే లెక్క వేరు. పోయేముందు తొట్టితో సహా ఊళ్లో ఉండే ఎవరికైనా అప్పజెప్పాలి. కాలువలోనో బావిలోనో వదిలేసి పుణ్యం అనుకోవద్దు. రంగుచేపల తొట్లనుంచి బయటపడ్డ సక్కర్ చేప ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపగా మారి జాలర్ల వలలు చింపుతోంది.