కాలబార్ చిక్కుడు: ప్రాణం తీసే గింజ, ప్రాణం నిలిపే మందు



నాగుపాము కాటుతో కనురెప్పలు వాలిపోయి వచ్చిన రోగికి, పాము విషం విరుగుడుతో పాటు నియోస్టిగ్మిన్ అనే ఇంజక్షన్ కూడా ఇస్తుంటారు. ఈ మందు పుట్టుక వెనుక పశ్చిమ ఆఫ్రికా నదీతీరపు అడవిలో పెరిగే ఒక తీగ ఉంది. అదే కాలబార్ చిక్కుడు. శాస్త్రీయ నామం ఫైసోస్టిగ్మా వెనినోసమ్.

మొక్క ఎలా ఉంటుంది?

నైజీరియా ఆగ్నేయ భాగంలోని కాలబార్ ప్రాంతంలో, ఏటి ఒడ్డున తడి నేలల్లో ఇది పెరుగుతుంది. మన చిక్కుడు కుటుంబానికి చెందినదే. కాండం ముదిరి చెక్కబారుతుంది. పక్క చెట్లను అల్లుకుని సుమారు 15 మీటర్ల ఎత్తుకు పాకుతుంది. చిక్కుడులాగే ఒక్కో కాడకు మూడేసి ఆకులు. ఊదారంగు కలిసిన గులాబీ పూలు గుత్తులుగా వేలాడతాయి. సుమారు 15 సెంటీమీటర్ల కాయలో రెండు మూడు గింజలుంటాయి. గింజ అంగుళం పొడవున, ముదురు గోధుమరంగులో, గట్టిగా నున్నగా ఉంటుంది. ఒక అంచు పొడవునా నల్లటి గాడి కనిపిస్తుంది. విషమంతా ఈ గింజలోనే.

తీర్పు చెప్పిన గింజ

అక్కడి ఎఫిక్ ప్రజలు దీన్ని 'ఎసెరే' అంటారు. పూర్వం చేతబడి చేశారని నింద పడినవారికి ఈ గింజలు తినిపించేవారు. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చనిపోతే దోషి. గింజకు న్యాయం ఏం తెలుసు? విషం ఒంటబట్టకముందే వాంతి అయినవారు బతికారు, అంతే.

స్కాట్లాండ్ మిషనరీల ద్వారా ఈ గింజలు ఎడింబరో చేరాయి. 1855లో డాక్టర్ రాబర్ట్ క్రిస్టిసన్ కొంచెం తానే తిని చూశారు. ఒంట్లో సత్తువ పోతుండగా, గడ్డం గీసుకున్న నీళ్లు తాగి వాంతి చేసుకుని బయటపడ్డారు. 1861లో బాల్ఫోర్ మొక్కకు పేరు పెట్టారు. 1864లో ఫైసోస్టిగ్మిన్‌ను వేరు చేశారు. అది నీటికాసుల జబ్బుకు కంటి చుక్కలైంది. 1934లో డాక్టర్ మేరీ వాకర్, కండరాలు నీరసించే మయస్థీనియా రోగికి దానితో బలం తెప్పించారు. దాని నమూనాపై తయారైనదే నియోస్టిగ్మిన్.

ఎలా పనిచేస్తుంది?

నరం కండరానికి ఎసిటైల్ కోలిన్ అనే పదార్థంతో కబురు పంపుతుంది. పని కాగానే ఒక ఎంజైము దాన్ని తుడిచేస్తుంది. ఈ గింజ ఆ ఎంజైమును ఆపేస్తుంది. మోతాదు సరిగ్గా ఉంటే నీరసించిన కండరం కదులుతుంది. మించితే చొంగ, చెమట, కంటిపాప చిన్నదవడం, చివరికి ఊపిరి ఆగిపోవడం.

మన పొలాల్లో చల్లే ఆర్గానోఫాస్ఫరస్ పురుగుల మందులు దెబ్బతీసేదీ ఈ ఎంజైమునే. అందుకే ఆ రోగులకు అట్రోపిన్ ఇస్తారు.

గుర్తుంచుకోండి

• పురుగుల మందు తాగినవారికి ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి. స్పృహ తప్పితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్రిస్టిసన్ చేసినది మనం చేయరాదు.
• మందు పడిన బట్టలు తీసి ఒళ్లు కడగండి. మందు డబ్బా వెంట తీసుకురండి.
• పాము కరిస్తే పసరు మందులతో ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి రండి.
• తెలియని గింజలను పిల్లల నోట పడనీయకండి.