కాలికి తగ్గ చెప్పు... బండికి తగ్గ టైరు!

తెల్లారకముందే మొయినాబాద్ తోటల నుంచి పూల గంపలు బయల్దేరతాయి. చేవెళ్ల నుంచి క్యారెట్, టమాటా, ఆకుకూరలు. ఎనిమిదయ్యేసరికి అదే బండి పిల్లల్ని బడి దగ్గర దించుతుంది. సాయంత్రం చిలుకూరు బాలాజీ దర్శనం, ఆదివారమైతే అనంతగిరి కొండలు. పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన బొలెరోలు, స్కార్పియోలు, సఫారీలు ఈ ఊళ్లలో ఇంటికి పెద్దకొడుకుల్లాంటివి. బరువంతా వాటిమీదే!

మరి ఆ పెద్దకొడుకు చెప్పులు అరిగిపోతే? టైర్ల షాపుకెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న... 'ఉన్న సైజే వేద్దామా, కాస్త పెద్దవి వేద్దామా?' ఇంట్లో కుర్రాడుంటే రెండోదానికే ఓటు. పెద్ద టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు వేస్తే పాత బండి కొత్తదైపోతుందని ఆశ. కొత్తగా కనబడే మాట నిజమే. కానీ ఆ ముచ్చట బ్రేకుల మీద, స్టీరింగ్ మీద, చివరికి బండిలో కూర్చున్న వాళ్ల ప్రాణాల మీద ఎంత భారం వేస్తుందో తెలుసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి.

అంకెల్లో అసలు కథ

టైరు పక్కన రాసి ఉండే అంకెల్ని చదవడం పెద్ద విద్యేం కాదు. 2000లో మార్కెట్లోకి వచ్చిన బొలెరోనే తీసుకోండి. దాని మోడళ్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చిన సైజు 215/75 ఆర్15. ఇందులో 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం టైరు పక్కగోడ ఎత్తు... అంటే సుమారు 161 మి.మీ. ఆర్ అంటే రేడియల్ టైరు. 15 అనేది రిమ్ము కొలత, అంగుళాల్లో. పైనా కిందా పక్కగోడల్ని, రిమ్మునూ కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 703 మి.మీ.

చాలామంది మోజుపడే సైజు 235/75 ఆర్15. దాని ఎత్తు 733 మి.మీ. తేడా మూడు సెంటీమీటర్లే కదా అనుకుంటే పొరపాటే! చక్రం నాలుగు శాతానికి పైగా పెద్దదైంది. స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు, పాత చక్రంతో అది సరిగ్గా చూపించేదైతే, ఇప్పుడు బండి 83 దాటి పరుగెడుతుంటుంది. మామూలుగా స్పీడోమీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపించేలా తయారవుతాయి. ఆ వెసులుబాటును పెద్ద టైరు మింగేస్తుంది. మీటరులో 10,000 కి.మీ. తిరిగితే బండి నిజంగా తిరిగింది దాదాపు 10,400. అంటే మైలేజీ లెక్క కూడా తప్పుతుంది, సర్వీసుకు వెళ్లాల్సిన గడువూ దాటిపోతుంది.

లాభం లేదా అంటే ఉంది. బండి నేల నుంచి 15 మి.మీ. పైకి లేస్తుంది. పొలం బాటలో రాయి తగలకుండా ఆ మాత్రం ఎత్తు పనికొస్తుంది. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది.

బీజాపూర్ రోడ్డు చెప్పే పాఠం

హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే బీజాపూర్ రోడ్డు అందమైనదే. ఇరువైపులా వందల మర్రిచెట్లు. వాటిని కాపాడుకోవాలన్న ఆరాటానికీ, రోడ్డు వెడల్పు చేయాలన్న అవసరానికీ మధ్య ఏళ్ల తరబడి వాదం నడిచింది. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కి.మీ. విస్తరణ పనులు అందువల్లే ఆలస్యమయ్యాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. దానికీ టైరు సైజుకూ సంబంధం లేదు. కానీ రెండు వరుసల రోడ్డు మీద పొరపాటుకు ఎంత తక్కువ చోటుంటుందో ఆ ఉదయం చెప్పింది.

అలాంటి రోడ్డు మీద లారీని దాటాలంటే ఇంజను వెంటనే అందుకోవాలి. చక్రం నాలుగు శాతం పెద్దదైతే చక్రానికి అందే లాగుడు బలం దాదాపు అంతే తగ్గుతుంది. పన్నెండేళ్ల ఇంజనుకు అది చిన్న విషయం కాదు. బ్రేకుదీ ఇదే కథ. చక్రం పెద్దదీ బరువైనదీ అయితే దాన్ని ఆపడానికి అవే పాత బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. ఇక స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో, వెనక బస్తాలతో బండి కుంగినప్పుడో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటే ప్రమాదం ఇంటికి తెచ్చుకున్నట్లే.

మెరిసే చక్రం... గుంతలో పడితే?

పెద్ద రిమ్ముదీ మరో తమాషా. 17 అంగుళాల అల్లాయ్‌కి 225/60 ఆర్17 టైరు వేస్తే మొత్తం ఎత్తు సుమారు 702 మి.మీ. స్పీడోమీటరు లెక్క చెక్కుచెదరదు. బాగానే ఉంది కదా! కానీ పక్కగోడ 161 నుంచి 135 మి.మీ.కి తగ్గిపోయింది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను ముందుగా మింగేది ఆ గోడలోని గాలే. గోడ తగ్గితే దెబ్బ రిమ్ముకు, సస్పెన్షన్‌కు, కూర్చున్న వాళ్ల నడుముకు. ఉక్కు రిమ్ము వంగితే చాలాసార్లు సరిచేయించుకోవచ్చు. నాసిరకం అల్లాయ్ పగిలితే పారేయడమే. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు ఎవరికి తెలుస్తుంది?

అందుకే పొలానికీ పట్నానికీ తిరిగే పాత బండికి 15 అంగుళాల రిమ్ము, ఎత్తయిన పక్కగోడే మేలు. వెడల్పు కాస్త కావాలంటే 235/70 ఆర్15 ఉంది. ఎత్తు 710 మి.మీ., తేడా ఒక్క శాతమే. 225/75 ఆర్15 అయితే రెండు శాతం. కంపెనీ సైజుకు మూడు శాతం లోపే ఉండాలన్నది టైర్ల పనివాళ్లు సాధారణంగా పాటించే హద్దు. ఏది వేసినా పాత రిమ్ము వెడల్పుకు ఆ టైరు సరిపోతుందో లేదో చూసుకోవాలి.

బరువు మోసే అంకె

సైజు పక్కనే '100ఎస్' లాంటి గుర్తు ఉంటుంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోయగలదని, ఎస్ అంటే గంటకు 180 కి.మీ. వేగం దాకా తట్టుకోగలదని అర్థం. చౌకగా వస్తోందని ఇంతకంటే తక్కువ అంకె ఉన్న టైరు కొనకూడదు. కూరగాయల బస్తాలు మోసే బండికి ఇదే ముఖ్యం.

గాళ్ల సంగతికొస్తే... చేవెళ్ల నల్లరేగడిలో వానపడ్డాక మట్టి టైరుకు అంటుకుని గాళ్లన్నీ పూడిపోతాయి. వెడల్పాటి గాళ్లున్న 'ఆల్ టెరైన్' రకం మట్టిని వదిలించుకుంటుంది. కానీ తారురోడ్డు మీద మోత ఎక్కువ. పది రోజుల్లో తొమ్మిది రోజులు తారు మీదే తిరిగే బండికి మామూలు రోడ్డు టైరే హాయి.

చట్టం ఊరుకోదు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలంటే తనిఖీ తప్పదు. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన చక్రాలతో వెళితే అక్కడే చిక్కు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ప్రశ్నలే.

కొనేముందు ఒక్క నిమిషం...

* డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూడండి. సైజు, గాలి ఎంతో అక్కడే ఉంటుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.
* టైరు పక్కన నాలుగంకెలు వెతకండి. 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారైందని అర్థం. షాపులో ఏళ్ల తరబడి పడున్న సరుకు వద్దు.
* గాళ్ల లోతు 1.6 మి.మీ.కి తగ్గితే చట్టప్రకారం ఆ టైరు మార్చాల్సిందే.
* అరగలేదని మురిసిపోవద్దు. ఐదేళ్లు దాటాక ఏటా చూపించాలి. పదేళ్లకు మార్చేయాలి. స్టెప్నీకీ ఇదే లెక్క.
* రెండే కొంటే కొత్తవి వెనక వేయించండి. వానలో బండి వెనకభాగం జారకుండా ఉంటుంది.
* చక్రాలు బయటికి రావడానికి మధ్యలో బిళ్లలు పెట్టించొద్దు. బేరింగులు త్వరగా పోతాయి.

పాత బండికి కంపెనీ ఇచ్చిన సైజులో మంచి టైర్లు నాలుగు వేయించి, అలైన్‌మెంట్ చేయించి, మిగిలిన డబ్బుతో బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు బాగుచేయిస్తే చాలు. వీధిలో ఎవరూ తిరిగి చూడకపోవచ్చు. ఇంటిల్లిపాదీ క్షేమంగా తిరిగొస్తారు. అంతకుమించిన సోకు బండికి ఎందుకు?