ఇంటి పలుకు, పరభాష: నవలాకారుడు రాజారావు

పావగడ తాలూకా పాలనలో కర్ణాటకమునకు చెందినను మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టుకొని యున్నది. ఇచ్చట పెక్కిండ్లలో పలుకు తెలుగు. కచ్చేరిలో నడచునది కన్నడము. పై చదువులకు కావలసినది ఇంగ్లీషు. ఇంగ్లీషు బాగుగా రావలెనన్నచో ఇంటి తెలుగు తగ్గింపవలెనని తలచు తల్లిదండ్రులు ఈ సీమలో కలరు. ఈ తలంపు సరియైనదా యని విచారించువారికి రాజారావు చరిత్ర ఉపకరించును.

ఆయన 1908 నవంబరు 8వ తేదీన హాసనలో కన్నడ కుటుంబమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి హైదరాబాదు నిజాం కళాశాలలో కన్నడ బోధకుడు. పావగడలో తెలుగు చెప్పువారి స్థితికి ఇది తారుమారైన ప్రతిబింబము: తెలుగు, ఉర్దూ వినబడు నగరమున కన్నడము చెప్పి జీవించినవాడాయన. కుమారుడు కొంతకాలము హాసనలో తాతగారి యొద్ద పెరిగెను. హైదరాబాదున మదరసా-ఎ-ఆలియాలోను, నిజాం కళాశాలలోను చదివి, 1929లో పట్టభద్రుడై, విద్యార్థివేతనముతో ఫ్రాన్సునకు తరలెను.

తొలి నవల 'కాంతాపుర' 1938లో లండనున వెలువడెను. గాంధీజీ ఉద్యమము ఒక కన్నడ పల్లెను ఎట్లు కుదిపినదో అచ్చక్క యను వృద్ధ వితంతువు చెప్పుచుండును. అరుగుమీద కూర్చున్న అవ్వ ఊపిరి తిప్పుకొనక చెప్పు తీరుననే వాక్యములు ఒకదానికొకటి ముడివడి సాగును. మూర్తి యను నాయకుడు ఊరివారికి మూలయింటి మూర్తి. వెంకమ్మ జలపాతపు వెంకమ్మ. ఒకే పేరివారు పలువురున్నచో ఇంటినో చెట్టునో చేర్చి పిలుచుట మన పల్లెలకును క్రొత్త కాదు. ఆ పిలుపులను రాజారావు ఇంగ్లీషునకు అనువుగా మార్చలేదు. ఇంగ్లీషునే వానికి అనువుగా వంచెను. ఇంగ్లీషు మన బుద్ధికి పరాయిది కాదనియు, మన భావావేశమునకు మాత్రము పరాయిదే యనియు పీఠికలో ఆయన వివరించెను. బాల్యమున కన్నడము చెవిలో నాటుకొననిచో ఈ వంచుట సాధ్యమై యుండెడిది కాదు. ఇంటి పలుకు ఆయన ఇంగ్లీషునకు అడ్డు కాలేదు, మూలధన మైనది.

1960లో వెలువడిన రెండవ నవల పేరు మన రజ్జుసర్ప న్యాయమును స్మరింపజేయును. అందు కథకన్న అద్వైత విచారము హెచ్చు. ఓపికగల పాఠకునికే అది చేరువ యగును. దానికి సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. 1966 నుండి అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆయన తత్త్వశాస్త్రము బోధించెను. 1988లో న్యూస్టాట్ అంతర్జాతీయ బహుమతి, మరణానంతరము 2007లో పద్మవిభూషణ్ బిరుదము వచ్చెను. 2006 జులై 8వ తేదీన ఆస్టిన్ నగరమున ఆయన గతించెను.

ఒక కొరత మాత్రము చెప్పక తప్పదు. 1930ల ఆరంభమున 'జయ కర్ణాటక' పత్రికకు కొన్ని రచనలు చేసినను, తనకు ఇంత బలమిచ్చిన కన్నడమున ఆయన వ్రాసినది మిక్కిలి స్వల్పము.