కాస్త ఒళ్ళు చేశావే!

“ఒళ్ళు చేయడం” అన్నది మన భాషలో ఒకప్పుడు మెచ్చుకోలు మాట. పెళ్ళయి వెళ్ళిన పిల్ల ఆర్నెల్లకు పుట్టింటికొస్తే, “కాస్త ఒళ్ళు చేసింది, సుఖపడుతున్నట్టే ఉంది” అని అమ్మలక్కలు తృప్తిపడేవారు. సన్నబడి వస్తే “చిక్కి శల్యమైంది, తిండి పెడుతున్నారో లేదో” అని కళ్ళొత్తుకునేవారు. తిండికి కటకటలాడిన రోజుల్లో పుట్టిన పలకరింపులవి. అవి మనతోపాటు విమానమెక్కి డాలస్‌కీ ఎడిసన్‌కీ వచ్చాయి గానీ, వాటిలోని మెచ్చుకోలు దారిలో ఎక్కడో జారిపోయింది. ఉగాది సంబరాలకు హాలు గుమ్మంలో అడుగుపెట్టగానే “ఏమ్మా, బాగా లావయ్యావే!” అనేస్తాం. అన్నవారికి అది “బాగున్నావా” లాంటిదే. పద్నాలుగేళ్ళ పిల్లకు మాత్రం ఆ సాయంత్రం అక్కడితో సరి.

ఆ తర్వాత ఆ పిల్లను గమనించండి. గ్రూప్ ఫోటోలో వెనక వరసలోకి జారుకుంటుంది. భోజనాల దగ్గర ఆకలి లేదంటుంది, అర్ధరాత్రి ఎవరూ చూడకుండా ఫ్రిజ్ తెరుస్తుంది. ఎండాకాలంలో కూడా స్వెట్‌షర్ట్ విప్పదు. ఎంతో ఇష్టంగా నేర్చుకున్న కూచిపూడి మానేస్తానంటుంది. చుట్టాలొస్తే హోంవర్కుందని మేడమీద గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. “మా అమ్మాయికి సిగ్గెక్కువండీ” అని మనం సర్దిచెబుతాం. అందులో కాస్త గర్వం కూడా ధ్వనిస్తుంది, ఆడపిల్లకు సిగ్గు సుగుణమే కదా మన లెక్కలో! మగపిల్లవాడైతే “వీడియో గేములు తప్ప వాడికేం పట్టదు” అంటాం.

సిగ్గు వేరు, ఇది వేరు. సిగ్గున్నవాడు కాసేపటికి తేరుకుని నలుగురిలో కలుస్తాడు. నలుగురూ తనను చూసి తక్కువ చేస్తారన్న భయం ఆరు నెలలకు పైగా వదలకుండా పట్టుకుని, చదువుకూ స్నేహాలకూ అడ్డుపడుతుంటే వైద్యులు దాన్ని సోషల్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన పట్టికలో దీన్ని 1980లో సోషల్ ఫోబియా పేరుతో చేర్చింది. లావుగా ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం ఒక చిక్కు ఉండేది. 1994 నాటి కూర్పు ప్రకారం, ఆ భయం మరో శారీరక స్థితి వల్ల కలిగినదైతే దాన్ని ఈ జబ్బు కింద లెక్కించకూడదు. అంటే, లావు కాబట్టి భయపడుతోంది, అందులో వింతేముంది అన్నమాట. 2013లో వచ్చిన అయిదో కూర్పు దీన్ని సవరించింది. స్థూలకాయాన్ని పేరుపెట్టి చెప్పి, అది ఉన్నా సరే, భయం మోతాదు మించితే జబ్బుగా గుర్తించవచ్చంది. మన ఇళ్ళలో మాత్రం ఇంకా 1994 కూర్పే నడుస్తోంది: “ముందు బరువు తగ్గనీ, అన్నీ అవే సర్దుకుంటాయి.”

ఈ భయం ఎలా పనిచేస్తుందో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో వివరించారు. నలుగురిలోకి వెళ్ళగానే మనిషి దృష్టి ఎదుటివారి మీద నుంచి తన మీదికి మళ్ళుతుంది. పొట్ట కనబడుతోందా, కుర్చీ కిర్రుమందా, చెమట పట్టిందా? దాంతో అవతలివారి మాట సగమే వినబడుతుంది, జవాబు తడబడుతుంది. ఒళ్ళో దిండు పెట్టుకోవడం, చున్నీ లాక్కోవడం వంటివి అప్పటికి రక్షణ ఇస్తాయి గానీ, భయం నిజమా కాదా అని తేల్చుకునే అవకాశాన్ని పోగొడతాయి. ఇంటికొచ్చాక జరిగిందంతా మళ్ళీ తవ్వి పోసుకోవడం.

2000లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. నగుబాటుగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేసి విద్యార్థులను మరికొందరు ఉన్న గదిలోకి పంపారు. గదిలో సగం మందైనా గమనించి ఉంటారని వాళ్ళనుకున్నారు. గమనించింది సుమారు నాలుగో వంతు. ఇది చెప్పి మన పిల్లను “నిన్నెవరూ చూడట్లేదులే” అని ఓదారుస్తామా? గుమ్మంలో అత్తయ్య చూసింది, చూసి ఊరుకోలేదు కూడా! ఆ పిల్ల భయంలో కొంత ఊహ, కొంత అనుభవం. ఊహను చికిత్స చూసుకుంటుంది. అనుభవాన్ని ఆపవలసింది మనం.

“మంచికోసమే అంటున్నాం, అంటేనే కదా తగ్గేది” అనేవాళ్ళున్నారు. 2013లో ఏంజెలీనా సూటిన్, ఆంటోనియో టెరాచియానో ప్రచురించిన పరిశోధనలో ఆరు వేల పైచిలుకు అమెరికన్ పెద్దలను నాలుగేళ్ళ తేడాతో పరిశీలించారు. మొదట స్థూలకాయం లేనివారిలో, బరువు వల్ల చిన్నచూపుకు గురయ్యామన్నవాళ్ళు తర్వాత స్థూలకాయులయ్యే అవకాశం మిగతావారికంటే సుమారు రెండున్నర రెట్లు ఉంది. నాకిది ఆశ్చర్యంగా తోచదు. నవ్వుతారని భయపడేవాడు జిమ్‌కు వెళ్ళడు, ఈతకు దిగడు.

అలాగని బరువు సంగతి వదిలేయమని కాదు. మనవాళ్ళకు తక్కువ బరువులోనే చక్కెర వ్యాధి వస్తుంది. అందుకే ఆసియా సంతతివారికి మధుమేహ పరీక్షలు బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే మొదలుపెట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో చెప్పింది. అయితే ఆ మాట డాక్టరు గదిలో చెప్పాలి, బఫే వరసలో కాదు. పిల్లల వైద్యుల సంఘం 2016లో తల్లిదండ్రులకిచ్చిన సలహా కూడా ఇదే ధోరణిలో ఉంది: బరువు గురించి మాట్లాడటం, ఆటపట్టించడం మాని, ఇంటిల్లిపాదీ కలిసి తినండి, కలిసి కదలండి అని. తమ్ముడికి బిర్యానీ, అక్కకు పుల్కా వడ్డించే ఇల్లు ఆరోగ్యం నేర్పదు, చాటుగా తినడం నేర్పుతుంది.

ఆత్మగౌరవం దెబ్బతినేది మన “గానీ” దగ్గర. “చదువులో ఫస్టే గానీ, కాస్త తగ్గితే...” “ముఖం కళగలదే గానీ...” పిల్లకు “గానీ” తర్వాతి ముక్కే గుర్తుంటుంది. ఇండియా నుంచి వచ్చే నాయనమ్మకు విమానం దిగకముందే ఫోన్లో చెప్పి ఉంచండి. పార్టీలో ఎవరైనా అంటే అక్కడే, నవ్వుతూనే, “దాని సైన్స్ ప్రాజెక్టు సంగతి అడగండి, అత్తయ్యా” అని మాట మార్చండి. పెద్దవాళ్ళతో ఎదురు చెప్పినట్టవుతుందని మొహమాటపడితే, పిల్ల మన మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటుంది.

చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో భయపడే పనులను చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే చేయిస్తారు. మొదట ఒక స్నేహితురాలి ఎదుట తినడం, తర్వాత క్లాసులో చెయ్యెత్తడం, ఆపైన ఫోటోలో ముందు వరస. 2022 డిసెంబరులో 12 ఏళ్ళు నిండిన స్థూలకాయులైన పిల్లలకు సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను ఇక్కడి ప్రభుత్వం అనుమతించింది. అది బరువుకు మందే తప్ప భయానికి కాదు. అదే ఏడాది అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘం, 8 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరినీ యాంగ్జయిటీ ఉందేమో పరీక్షించాలని సిఫారసు చేసింది. కాబట్టి వార్షిక పరీక్షకు వెళ్ళినప్పుడు మనమే అడగవచ్చు. డాక్టరు పిల్లతో విడిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి. స్కూలు కౌన్సెలర్ దగ్గర మొదలుపెట్టినా సరే. పిల్ల నోట బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ ఇవ్వవచ్చు.