కడవరకు నిలిచినవాడు

పరుగుపందెమనగానే ముందుగా గీత దాటినవానిదే గెలుపని మన మోర్తాడు మైదానములో చిన్న పిల్లవానికైనను తెలియును. అమెరికాలోని టెనెసీ రాష్ట్రములో గ్యారీ కాంట్రెల్ రూపొందించిన ‘బ్యాక్‌యార్డ్ అల్ట్రా’ పందెమున వేగమునకు అంత విలువ లేదు. ప్రతి గంట ఆరంభమున అందరును కలిసి 6.706 కిలోమీటర్ల చుట్టు మొదలిడవలెను. 24 చుట్లకు సరిగా నూరు మైళ్ళగును. త్వరగా ముగించినవానికి మిగిలిన నిమిషములే తిండికి, నిద్రకు, కాలి బొబ్బల చికిత్సకు. మరుసటి గంటకు గీత వద్ద లేనివాడు పందెములో లేనట్లే.

2021 జూన్‌లో బ్రిటన్ ద్వీపమందలి సఫోక్‌లో జాన్ స్టాకర్ 81 చుట్లు, అనగా 543 కిలోమీటర్లు పరుగెత్తి నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఇంచుమించు నిజామాబాదు నుండి హైదరాబాదుకు పోయి, తిరిగి వచ్చి, మరల పోయినంత దూరమది! అయితే 80 చుట్లు వెంట నడచిన మ్యాట్ బ్లాక్‌బర్న్ లేనిచో ఆ 81వ చుట్టే లేదు. ఏలయనగా, తోటివాడు ఆగిన పిమ్మట విజేతకు మిగులునది ఒక్క చుట్టే. ఎంత సత్తువ ఉన్నను అంతకు మించి అనుమతి లేదు. అదియును పూర్తి కానిచో విజేతయే ఉండడు.

ఇంతటి తోడునిచ్చిన రెండవవాడు మాత్రము నియమము ప్రకారము ‘పూర్తి చేయనివారి’ పట్టికలోనే చేరును. ఇది నాకు కఠినముగానే తోచును. ‘అసిస్ట్’ అను పేరుతో అతనిని గౌరవించుట కొంత ఊరట. 2025లో ఆస్ట్రేలియాలో ఫిల్ గోర్ 119 చుట్లు ముగించినప్పుడు, 118 వరకు వెంట నిలిచినవాడు న్యూజీలాండ్ ద్వీపవాసి సామ్ హార్వే.