పాటల పెట్టె – దాని తాళపుచెవి



గ్రామఫోను పలక ఒక యంత్రముపై పాడినచో మరియొక యంత్రముపైనను పాడునని మన నమ్మకము. అదియు పూర్తిగా నిజము కాదు. 1912లో ఎడిసన్ కంపెనీవారు వెలువరించిన పలకలలో గాడి ఎత్తుపల్లములుగా నుండెను. విక్టర్ కంపెనీ పలకలలో గాడి ప్రక్కలకు వంకలు తిరుగుచుండెను. ప్రత్యేకమగు ఉపకరణ మమర్చిననే గాని ఒకరి పలక వేరొకరి యంత్రముపై పాడకుండెను. జేబులో నిముడు పాటల పెట్టెల విషయమునను ఇట్టి తగవే జరిగినది. అయితే గాడి కంటికి కనబడును. ఈ క్రొత్త తగవునకు మూలము కంటికి కనబడదు.

2001 అక్టోబరులో అమెరికాలోని ఆపిల్ కంపెనీవారు ఐపాడ్ అను పెట్టెను బయలుపరచిరి. పేకముక్కల కట్టంత పెట్టెలో వేయి పాటలు పట్టునని వారి ప్రకటన. కంప్యూటరునుండి పాటలను అందు చేర్చుటకు ఐట్యూన్స్ అను సాఫ్ట్‌వేర్, అనగా కంప్యూటరు అనుసరింపవలసిన ఆజ్ఞల సంపుటి, అప్పుడు కావలసియుండెను.

పాటను సరాసరి పెట్టెలోనికి నకలు చేసిన నేమి యని మీరడుగవచ్చును. చేయవచ్చును గాని పెట్టె దానిని పాడదు. ఐట్యూన్స్ ప్రతి పాటకును పేరు మార్చి, పెట్టెలోని యొక చిట్టాలో నమోదు చేయును. ఐపాడ్ ఆ చిట్టానే చదువును. కరణముగారి లెక్కకెక్కని పొలమువలె, చిట్టాకెక్కని పాట యున్నను లేనిదే. ఇందు దురుద్దేశ మున్నదని నేననను. వేయి పాటలలో కోరినదానిని తడవు లేక వెదకుటకు చిట్టా అవసరమే. తరువాత వచ్చిన తాళము సంగతి వేరు.

2003 ఏప్రిల్‌లో ఆపిల్ వారు ఇంటర్నెట్టు ద్వారా పాట యొక్కటి 99 సెంట్ల చొప్పున విక్రయింప నారంభించిరి. దొంగ నకళ్లకు వెరచిన హక్కుదారులు కోరుటచే ఆ పాటలకు ఫెయిర్‌ప్లే అను తాళము వేసిరి. ఇతర కంపెనీల పెట్టెలు దానిని తెరువజాలవు. 2004 జూలైలో రియల్ నెట్‌వర్క్స్ వారు అట్టి తాళమునే తామును కల్పించి, తాము విక్రయించు పాటలు ఐపాడ్‌లో పాడునట్లు చేసిరి. ఆపిల్ వారు ఆగ్రహించిరి. ఆ యేటి చివర పెట్టెలోని సాఫ్ట్‌వేర్ మారగా, కొన్ని ఐపాడ్‌లలో ఆ పాటలు మూగవోయెను. డబ్బిచ్చి కొన్నవానికి మాత్రము తన పాట ఏల పలుకదో తెలియదు.

మైక్రోసాఫ్ట్ వారి కథ ఇంకను విచిత్రము. 2004లో వారు పెక్కు కంపెనీల పెట్టెలకు ఒకే తాళము నేర్పరచి, ‘తప్పక పాడును’ అను నర్థము వచ్చునట్లు ‘ప్లేస్ ఫర్ ష్యూర్’ అను ముద్ర వేయించిరి. 2006 నవంబరులో వారే జూన్ అను పెట్టెను విడుదల చేయగా, ఆ ముద్రగల పాటలను అది పాడలేదు! 2008 ఏప్రిల్‌లో, అమ్మకము మానిన తమ అంగడి పాటలకు ఆగస్టు తరువాత క్రొత్త తాళపుచెవులు ఇయ్యమని ప్రకటించిరి. అనగా కొన్నవాడు కంప్యూటరు మార్చెనా, పాట తెరచుకొనదు. జనులు గోల చేయగా గడువును 2011 చివరివరకు పొడిగించిరి.

2009లో ఆపిల్ వారు తమ అంగడిలోని పాటలకు తాళము తీసివేసిరి. అయితే పూర్వము కొన్న పాటలకు తాళము వీడవలెనన్నచో పాటకు మరల 30 సెంట్లు చెల్లింపవలసివచ్చెను. ఐపాడ్ ఉత్పత్తి 2022లో నిలిచిపోయినది.

మన యూళ్లలో మెమొరీ కార్డులో వేసి యిచ్చు ఎంపీ3 పాటలకు తాళము లేదు. కనుకనే ఒకే కార్డు ట్రాక్టరులోను, సెల్ ఫోనులోను పలుకుచున్నది. నెలవారీ చందాపై ఫోనులోనికి దింపుకొను పాటలకు మాత్రము నేటికిని తాళము కలదు. చందా నిలిపిన పిమ్మట, ఫోనులో నున్నను, అవి పలుకవు.