వాట్సాప్ సందేశములను భద్రపరచుకొనుట ఎట్లు?

నేడు పంచాయతీ వ్యవహారములలో అనేకము వాట్సాప్ ద్వారా సాగుచున్నవి. కుళాయికి నీరు రాలేదని వార్డు నుండి వచ్చిన ఫిర్యాదు, క్రొత్తగా వేసిన రోడ్డు ఛాయాచిత్రము, సమావేశమునకు పంపిన పిలుపు సభ్యుల ఫోనులలోనే యుండును. ఆ ఫోను నీటిలో పడినను, దొంగల పాలైనను వాటి గతి యేమి? ఈ సంగతిని మనము ముందుగనే తెలిసికొనుట మంచిది.

సందేశము ఎచ్చట నుండును?

2016 ఏప్రిల్ నుండి వ్యక్తుల నడుమను, గ్రూపులలోను సాగు వాట్సాప్ సందేశములకు ఎన్‌క్రిప్షన్ అను రక్షణ కలదు. పంపినవారి ఫోనులో సందేశమునకు తాళము పడును. అందుకొనినవారి ఫోనులోనే అది తెరచుకొనును. నడుమ కంపెనీవారు సైతము దానిని చదువజాలరు. చేరిన సందేశమును వారు తమయొద్ద నుంచుకొనరు. చేరని దానిని 30 దినములుంచి తొలగింతురు. కనుక పోయిన సందేశములను తిరిగి ఇమ్మని వారిని కోరి ప్రయోజనము లేదు. ప్రతిని దాచుకొను బాధ్యత మనదే.

మన కొరకు బ్యాకప్

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్ అనువానిని వరుసగా తెరచినచో గూగుల్ ఖాతాలో ప్రతిని ఉంచు ఏర్పాటు కనిపించును. అది ప్రతిదినము జరుగునట్లు నిర్ణయింపవచ్చును. ఐఫోనులో ఈ ప్రతి ఐక్లౌడునందుండును. క్రొత్త ఫోనులో అదే నంబరు, అదే ఖాతా వాడినచో పాత సందేశములు తిరిగి వచ్చును.

అయితే సందేశమునకున్న తాళము ఈ ప్రతికి దానంతట పడదు. 2021లో ప్రవేశపెట్టిన 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' అను ఏర్పాటును మనమే ఎంచుకొని, పాస్‌వర్డ్ నిర్ణయించుకొనవలెను. ఫోను పోయి, పాస్‌వర్డును మరచినచో ఆ ప్రతిని ఎవ్వరును తెరువలేరు. కావున దానిని కాగితముపై వ్రాసి ఇంట బీరువాలో భద్రపరచుట అవసరము. ఫోనునకు వచ్చు ఆరంకెల ధ్రువీకరణ సంఖ్యను మాత్రము ఎవరడిగినను చెప్పరాదు.

గ్రామము కొరకు ఎక్స్‌పోర్ట్

బ్యాకప్ సభ్యుని స్వంత నంబరునకే తిరిగి వచ్చును. తరువాత ఎన్నికైన వారికి అది ఉపయోగపడదు. అందులకు రెండవ మార్గము కలదు. గ్రూపును తెరచి, పైనున్న మూడు చుక్కలను నొక్కి, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్ అనువానిని ఎంచుకొనవలెను. తేదీ, వేళ, పంపినవారి పేరు, సందేశము వరుసగా గల ఫైలు తయారగును. దానిని అచ్చు వేయించి కార్యాలయమున ఉంచవచ్చును; కాని వాట్సాప్‌లోనికి తిరిగి ఎక్కింపలేము. ఎక్స్‌పోర్టునకు పరిమితి కలదు గనుక సందేశములు మిక్కుటమైన గ్రూపు ప్రతిని మూడు నెలలకొకసారి తీయుట మేలు.

ఈ ఫైలునకు తాళముండదు. పింఛనుదారుల ఆధార్, బ్యాంకు వివరములు అందున్నచో ఇతరుల చేతికి పోకుండ జాగ్రత్త వహింపవలెను.

వివాదము వచ్చినచో

ఎక్స్‌పోర్ట్ ఫైలులోని అక్షరములను ఎవరైనను మార్చవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యముగా చూపుటకు ధ్రువపత్రము కావలెను. కావున వివాదముగల పనులకు సంబంధించిన సందేశములను ఫోనునుండి చెరపరాదు. ఆ గ్రూపులో సందేశములు వాటంతట మాయమగు ఏర్పాటును నిలిపివేయవలెను.

ఎట్లున్నను, వాట్సాప్ పంచాయతీ రికార్డునకు బదులు కాదు. తీర్మానము మినిట్సు పుస్తకమునకు, ఫిర్యాదు రిజిస్టరునకు ఎక్కవలెను. పదవీకాలము ముగియు సభ్యులు తాళపుచెవులతోపాటు ఈ ప్రతులనుకూడ కార్యాలయమున అప్పగించినచో, ఒక వీధివారు నీటికొరకు ఎన్నడు మొరపెట్టుకొనిరో తరువాత వచ్చువారికి తెలియును. ఆ వీధివారు మరల మొదటినుండి మొరపెట్టుకొను అవసరముండదు.